పూర్తి భోజనంతో

జనవరి 5, సోమవారం. ఉపవాసం మొదటి రోజు

పాస్టరుగారు నిన్న అందరికీ తలా ఒక నోటుబుక్కు ఇచ్చారు. ఈ నలభై రోజులూ రోజూ ఏదో ఒకటి రాయాలట. "దేవుడికి మాత్రమే రాయండి. ఎవ్వరికీ చూపించక్కర్లేదు," అన్నారు. ఆ చివరి మాట నచ్చి రాస్తున్నాను. లేకపోతే నాకూ రాతకూ చాలా దూరం.

నియమాలు ఇవీ. పొద్దున లేచింది మొదలు సాయంత్రం ఆరు దాకా నీళ్లు, టీ తప్ప ఏమీ ముట్టకూడదు. ఆరింటికి చర్చి హాల్లో ప్రార్థన, తర్వాత అందరికీ కూరగాయల సూపు, ఒక రొట్టె ముక్క. మాంసం లేదు, తీపి లేదు. షుగరున్నవాళ్లు, డాక్టరు వద్దన్నవాళ్లు పగలు తినొచ్చు గానీ, ఓజెల్లా దగ్గర పేరు రాయించుకోవాలి. పక్కన జబ్బు పేరు కూడా రాయించాలి.

ఓజెల్లా ముప్ఫయ్యేళ్లుగా కొయిర్‌లో నా పక్కన నిలబడి పాడే మనిషి. మా ఆయన లెస్టర్ శవపేటిక పక్కన నిలబడ్డ రోజున నా చెయ్యి ఒక్క నిమిషం కూడా వదల్లేదు. మనసు వెన్న. నోరే కాస్త పెద్దది. నిన్న అట్ట మీద కాగితం పెట్టుకుని బెంచీల మధ్య తిరుగుతుంటే, ముసలి టిబ్స్ గారు లాటరీ తగిలినట్టు "షుగరు!" అని అరిచి మరీ రాయించుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆగనైనా లేదు.

"నీకేమొచ్చిందే, గుండ్రాయిలా ఉన్నావు," అని నా భుజం తట్టి దాటిపోయింది.

నాకు హెచ్ఐవీ ఉంది. ఇదిగో, రాశాను. పదహారేళ్లలో ఈ మాట నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి. కాగితమేమీ కాలిపోలేదు.

జనవరి 6, మంగళవారం

స్కూల్లో మూడొందల యాభై మంది పిల్లలకు మొక్కజొన్న రొట్టె, చికెను వండి వడ్డించి, నేను టీ తాగాను. చేతులు వాసన చూసుకుంటూ ఇంటికొచ్చాను.

పన్నెండూ పదికి మాత్ర వేసుకున్నాను. పదహారేళ్లలో ఒక్కరోజు తప్పలేదు, పావుగంట అటూ ఇటూ కాలేదు. మొదట్లో మాకు గుప్పెడు గుప్పెడు మందులిచ్చే రోజుల్లో నర్సులు నెత్తిన మొట్టి నేర్పిన పాఠం అది. టైము తప్పితే చచ్చావే అనేవాళ్లు. ఇప్పుడు రోజుకొక్కటే మాత్ర. అయినా పన్నెండూ పది అయ్యేసరికి చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.

సీసా మీద "పూర్తి భోజనంతో" అని ఉంటుంది. ఇన్నాళ్లూ ప్లేటు ముందు పెట్టుకునే మింగాను. ఇవాళ పాలు పోసిన టీతో మింగాను. పాలు ఆహారం కాదా? పసిపిల్లలు వాటి మీదే కదా బతికేది. సాయంత్రం సూపుతో వేసుకుందామంటే టైము మారిపోతుంది, పైగా ఓజెల్లా ఎదురుగా కూర్చుని నా చెంచా వంకే చూస్తుంది. ఏ తప్పైనా చేస్తాను గానీ టైము మాత్రం తప్పను.

జనవరి 9, శుక్రవారం

గుండెల్లో ఒకటే మంట. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగప్పటి నుంచి కొద్దిగా ఉన్నదే. ఖాళీ కడుపుకి రెచ్చిపోయింది. హాల్లో ఓజెల్లా పట్టేసింది.

"మొహం అలా పెట్టావేమే, వాత పెట్టినట్టు?"

"గుండెల్లో మంట."

"సైతాను ముందుగా కొట్టేది పొట్ట మీదే. ఇదిగో నా గ్యాస్ మాత్ర. రోజుకొకటి మింగు. దీంతో ఉపవాసం చెడదులే, పాస్టరుగార్ని అడిగాను."

"ఆయన డాక్టరీ ఎప్పుడు చదివాడే?"

"మింగవే ముందు, నోరు తర్వాత చేసుకుందువుగాని."

మింగాను. నా మందుతో ఏవేవి కలిపి వేసుకోకూడదో క్లినిక్‌లో ఒక కాగితం ఇచ్చారు. ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉండేది. ఓజెల్లా ఇంటికి వస్తూ పోతూ ఉంటుందని తీసేశాను. ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. గ్యాస్ మాత్రల సంగతి అందులో ఉన్నట్టు కూడా గుర్తు లేదు. ఉంటే గుర్తుండేదే.

జనవరి 14

మంట తగ్గింది. దేవునికి స్తోత్రం. ఓజెల్లా సీసా మొత్తం నాకే ఇచ్చేసింది.

జనవరి 20, మంగళవారం

కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఇల్లు తుడిచాను. తుడిచిన ఇల్లు మళ్లీ తుడిచాను. నది గట్టు దాకా నడిచి, అక్కడ చలికి నిలబడలేక వెనక్కి వచ్చాను. ఆ క్లినిక్ కాగితం కోసం రెండు సొరుగులు వెతికాను. మూడోది వెతకలేదు.

సాయంత్రం పాస్టరుగారు అందరి ముందూ లేపి, "సిస్టర్ వెర్డెల్‌ని చూడండి. పగలంతా పిల్లలకు వండుతూ, వాసన పీలుస్తూ, గింజ ముట్టడం లేదు," అన్నారు. హాలంతా ఆమెన్ అంది. నాకు ఎంత బాగుందో చెప్పలేను. ఈ ఒంటిని జనం మెచ్చుకుని ఎన్నేళ్లయింది!

జనవరి 23, శుక్రవారం

ఆర్టిస్ దిగాడు. ఇరవై ఎనిమిది రోజులు పడవ మీద, పద్నాలుగు రోజులు ఇంటి దగ్గర. సరుకు మోసే బార్జీల్ని నెట్టే పడవలో ఇంజిన్ పని అతనిది. ఎప్పుడొచ్చినా ముందు నా గుమ్మంలోకే వస్తాడు, సంచి కూడా దించకుండా.

"ఇదేంటి వెర్డెల్, సగమైపోయావ్! మీ పాస్టరు నిన్ను సాంతం పరలోకం పంపించేస్తాడా ఏంటి?"

"మూడు కిలోలే తగ్గింది."

"ఆ మూడు కిలోలూ నాకు ఇష్టమైనవే."

అతనికి నా సంగతి తెలుసు. రెండేళ్ల క్రితం మూడోసారి కలిసినప్పుడే చెప్పేశాను. పారిపోతాడనుకున్నాను. నాతోపాటు క్లినిక్‌కి వచ్చి కూర్చుని, డాక్టర్ని వంద ప్రశ్నలడిగాడు. రక్తపరీక్షలో వైరస్ కనబడనంత తక్కువగా ఉన్నంత కాలం నా నుంచి అతనికి రాదని ఆ డాక్టరు ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. అప్పటి నుంచి మేం భార్యాభర్తల్లాగే ఉంటున్నాం, మధ్యలో ఏ అడ్డూ లేకుండా. నేను సీసా లేబులు మీద మందు పేరు గీకేస్తే నవ్వుతాడు. "ఎవరికి దాస్తున్నావ్? ఎందుకు దాస్తున్నావ్? నాకు బీపీ ఉంది, నీకిది ఉంది," అంటాడు. అతనికేం, మగాడు, నది మీద బతుకు.

అన్నం తినేటప్పుడు అడిగాడు. "మరి పగలంతా ఏమీ తినకపోతే ఆ మాత్ర దేంతో మింగుతున్నావ్?"

"దానికి మినహాయింపు ఉందిలే. మధ్యాహ్నం ప్లేటు నిండా పెట్టుకుని తింటున్నా."

అతను తల ఊపి ఇంకో ముక్క చేప వేసుకున్నాడు. నేను హాల్లోంచి తెచ్చుకున్న సూపు తాగాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో, నాకే ఆశ్చర్యం వేసింది.

జనవరి 27

నిద్ర లేదు. ఆర్టిస్ గురక పెడుతుంటే అతని మీద ఊరికే కోపం వచ్చింది.

ఫిబ్రవరి 2, సోమవారం

ఆరు నెలల రక్తపరీక్ష. ట్రినెట్ రక్తం తీసింది. కూతురి వయసు ఉంటుంది ఆ నర్సు పిల్లకి, చెయ్యి మహా తేలిక.

"సన్నబడ్డారేంటమ్మా?"

"చర్చి ఉపవాసం."

సూది పట్టుకున్న చెయ్యి ఆగింది. "మాత్ర భోజనంతోనే వేసుకుంటున్నారు కదా?"

"పదహారేళ్ల నుంచి వేసుకుంటున్నానమ్మాయ్. నాకు నువ్వు చెప్పాలా?"

నవ్వి, దూది పెట్టి నొక్కింది. నేనేమీ అబద్ధం చెప్పలేదు. పదహారేళ్ల నుంచి వేసుకుంటున్న మాట నిజమే.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఆర్టిస్ రాత్రికి ఇక్కడే ఉంటానన్నాడు. శుక్రవారం మళ్లీ పడవకి వెళ్లిపోతాడు కదా. ఉండమన్నాను.

ఫిబ్రవరి 5, గురువారం, మధ్యాహ్నం

ఒంటిగంటకి ఫోను. స్టోరు గదిలో బియ్యం బస్తాల మధ్య నిలబడి మాట్లాడాను.

"అమ్మా, ట్రినెట్‌ని. మీ వైరస్ లెక్క పెరిగింది. పదకొండొందల నలభై వచ్చింది."

నాది ఎప్పుడూ ఇరవై లోపే. ఏడేళ్లుగా ఇరవై దాటలేదు.

"మిషను తప్పేమో చూడమ్మా."

"రెండుసార్లు చూశారు. ఒక్కమాట అడుగుతాను, కోప్పడకండి. భోజనంతోనే వేసుకుంటున్నారా?"

బయట ఎవరో ట్రేలు దబదబా పేరుస్తున్నారు.

"టీతో," అన్నాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"నెల."

"గ్యాస్ మాత్రలేమైనా?"

"రోజుకొకటి."

ఆ పిల్ల గట్టిగా ఊపిరి తీసుకోవడం వినిపించింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ మందు పొట్టలో తిండీ, యాసిడూ ఉంటేనే ఒంటికి పడుతుందట, గ్యాస్ మాత్ర ఆ యాసిడ్‌నే అణిచేస్తుందట. రెండూ లేకుండా చేసి నెల రోజులు దాన్ని ఊరికే మింగానన్నమాట. గ్యాస్ మాత్ర ఈ క్షణం నుంచి మానెయ్యాలి. రేపటి నుంచి భోజనం చేసి మరీ వేసుకోవాలి. ఈ మందు నా మీద ఇంకా పనిచేస్తుందో, వైరస్ దానికి మొండికెత్తిందో తెలియడానికి ఇంకో పరీక్షకి పంపారు. రెండు వారాలు పడుతుంది.

"ఇంకోటి. ఆర్టిస్ గారితో చివరిసారి ఎప్పుడు కలిశారు? చివరిసారి కలిసి డెబ్బై రెండు గంటలు దాటకపోతే ఆయనకి ఇప్పుడే మందు మొదలుపెట్టొచ్చు. ఇరవై ఎనిమిది రోజులు వాడాలి. దాటితే మాత్రం ఆ మందు వల్ల లాభం ఉండదు."

"అతను పడవ మీద ఉన్నాడు," అన్నాను. "నెల దాటింది."

ఎందుకలా అన్నాను? నోటి నుంచి అదే వచ్చింది. మంగళవారం రాత్రి నుంచి డెబ్బై రెండు గంటలంటే రేపు రాత్రి. అతన్ని తీసుకుపోయే వ్యాను రేపు మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. పడవ ఎక్కాక నది మధ్యలో ఆ మందు ఎక్కడ దొరుకుతుంది?

ఇవాళ సాయంత్రం చెప్పేస్తాను. కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్తాను.

ఫిబ్రవరి 5, సాయంత్రం ఎనిమిది

చెప్పలేదు.

బటర్ బీన్స్ వండి గిన్నెతో సహా తెచ్చాడు. "నీ ఉపవాసం కోసం పంది ముక్క వెయ్యకుండా వండాను. దేవుడికి ఎలా ఉంటుందో గానీ, మనిషన్నవాడు తినలేడు," అన్నాడు. నేను నవ్వాను. అతని సాక్సులు మడత పెట్టాను. సంచిలో చొక్కాలు సర్దాను. ప్రతి చొక్కాకీ ఇప్పుడు చెప్తాను, ఈ చొక్కా అయ్యాక చెప్తాను అనుకున్నాను. ఏడు చొక్కాలు అయిపోయాయి.

"ఏమైంది నీకివాళ?"

"ఆకలి."

దగ్గరికి తీసుకోబోతే తలనొప్పి అన్నాను. మంచం దాకా వచ్చి, దుప్పటి కప్పి, నుదురు మీద ముద్దు పెట్టి వాళ్లింటికి వెళ్లిపోయాడు. ఇవాళ నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అతన్ని పంపెయ్యడమే.

ఫిబ్రవరి 6, శుక్రవారం, ఉదయం ఆరు

పదకొండొందలు పెద్ద లెక్కేమీ కాదు. మొదట్లో నాకు రెండు లక్షలుండేవి. కొంచెమున్నప్పుడు అంత తేలిగ్గా రాదని ఎక్కడో విన్నాను. అతను వెనక్కి వచ్చాక చెప్తాను. అప్పటికి నాది మళ్లీ తగ్గిపోతుంది. తగ్గాక చెప్తే ఇద్దరం కలిసి నవ్వుకోవచ్చు కూడా. ఇప్పుడు చెప్తే పడవ తప్పుతుంది, ఊరికే కంగారు. వచ్చాక చెప్పినా ఒకటే.

వచ్చాక చెప్పినా ఒకటే.

ఒకటే కాదు.

ఫిబ్రవరి 6, సాయంత్రం

పన్నెండూ పదికి, నెల తర్వాత మొదటిసారి, ప్లేటు పెట్టుకున్నాను. అన్నం, చికెను, బీన్స్, ఒక ఉడికించిన గుడ్డు. ఆకలితో కాదు, భయంతో తిన్నాను. మాత్ర మింగాను. నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాను. నా మందు నేను చక్కగా అన్నంతో వేసుకుని కూర్చున్నాను. అతని మందు మాటేమిటి?

ఏప్రన్ విప్పి అక్కడే పడేశాను. మా సూపర్వైజరు మిసెస్ ప్రూయిట్ పిల్లల వరస మధ్యలో నిలబడి, "ఎక్కడికి? రెండో బెల్లు ఇంకా కాలేదు!" అని అరిచింది.

"ఇల్లు కాలిపోతోంది," అన్నాను.

"అయ్యో, ఎవరిది?"

"నాదే."

టైర్ల షాపు పక్కన పార్కింగు స్థలంలో వ్యాను అప్పటికే వచ్చి ఉంది. నలుగురు మగాళ్లు సంచులు ఎక్కిస్తున్నారు. ఆర్టిస్ నన్ను చూసి నవ్వాడు.

"తలకి వల వేసుకునే వచ్చావేం? చేపలు పట్టేద్దామనా?"

వంటింట్లో జుట్టుకి వేసుకునే వల తియ్యడం మర్చిపోయాను. అతని చెయ్యి పట్టుకుని వ్యాను వెనక్కి లాక్కుపోయాను. కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాలనుకున్నదంతా గాలికి పోయింది.

"నా లెక్క పెరిగింది. పదకొండొందలు. నెల రోజులుగా మాత్ర అన్నంతో వేసుకోలేదు. మంగళవారం రాత్రి మనం... నువ్వు ఇప్పుడే మందు మొదలుపెట్టాలి. రాత్రి దాటితే పనిచెయ్యదు. పద క్లినిక్‌కి."

అతని మొహంలో నవ్వు పోవడానికి కాస్త సమయం పట్టింది.

"నేనడిగా కదా. దేంతో మింగుతున్నావని అడిగా. ప్లేటు నిండా అన్నావ్."

"అన్నాను."

"ఈ లెక్క ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్న మధ్యాహ్నం."

"నిన్న సాయంత్రం నా చొక్కాలు మడత పెట్టావ్."

అతను వ్యాను దగ్గరికి నడిచి సంచి బయటకి లాగాడు. డ్రైవరు, "ఏంటన్నా, మర్చిపోయావా ఏమైనా?" అంటే, "మీరు పోండి. రేపు హెలెనా రేవులో ఎక్కుతా. ఆఫీసుకి నేను ఫోన్ చేసి చెప్తా," అన్నాడు. కార్లో రేడియో పెట్టబోతే నా చెయ్యి తీసేశాడు.

క్లినిక్‌లో ట్రినెట్ అతన్ని చూసి, నన్ను చూసింది. "ఈయన పడవ మీద ఉన్నారన్నారు కదమ్మా," అంది. ఆ మాట అతను కూడా విన్నాడు. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. రక్తం తీశారు. ఇరవై ఎనిమిది రోజులకి మందులిచ్చారు. మొదటి మోతాదు అక్కడే నిలబడి మింగాడు. ఇవాళ్టి పరీక్షలో ఏమీ లేదన్నా దానితో అయిపోదట. ఆరు వారాలయ్యాక ఒకసారి, మూడు నెలలయ్యాక ఇంకోసారి మళ్లీ చెయ్యాలట.

బయటికొచ్చాక కారు ఎక్కలేదు. వాళ్ల తమ్ముడు వచ్చి తీసుకెళ్తాడులే అన్నాడు.

"నీ జబ్బంటే నాకెప్పుడూ భయం వెయ్యలేదు వెర్డెల్. ఒక్కరోజు కూడా వెయ్యలేదు. ఇవాళ నువ్వంటే భయమేస్తోంది."

సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటి వెళ్లిపోయాడు. నేను ఉపవాస ప్రార్థనకి వెళ్లలేదు. ఇంట్లో కూర్చుని గట్టిగా ఏడ్చాను.

ఫిబ్రవరి 7

ఫోను లేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఫోను లేదు. రెండో పాటలో గొంతు పెగల్లేదు. ఓజెల్లా నా వంతు కూడా పాడేసి, "ఉపవాసం బాగా ఎక్కువైంది నీకు. దేవుడు చూస్తున్నాడులే," అని వీపు నిమిరింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టుకుని దొంగలా తిన్నాను.

దేవుడు చూస్తున్న మాట నిజమే. ఆయన చూసినందుకు నాకు భయం లేదు. ఓజెల్లా చూస్తుందని భయపడి ఆర్టిస్‌ని ఎక్కడికి తీసుకొచ్చానో చూడు.

ఫిబ్రవరి 10, మంగళవారం

సాయంత్రం ఫోను మోగింది. వెనక ఇంజిన్ హోరు. ఆర్టిస్.

"మందు వేసుకుంటున్నావా?" అన్నాను.

"వేసుకుంటున్నా. ఇక్కడ అందరం ఒకే బల్ల మీద తింటాం కదా. నిన్న వంటవాడు అడిగాడు, ఏంటన్నా ఆ బిళ్ల అని."

"ఏమన్నావ్?"

"విటమిన్ అన్నా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"రెండేళ్ల నుంచి నిన్ను ఆటపట్టిస్తున్నా కదా, ఎవరికి దాస్తున్నావ్, ఎందుకు దాస్తున్నావ్ అని. నాకింకా జబ్బు లేదు. వస్తుందో రాదో తెలీదు. మూడో రోజుకే విటమిన్ అనేశాను. సీసా తీసి సాక్సులో చుట్టి పెట్టాను. పదహారేళ్లు ఎలా చేశావే ఇది?"

"సాక్సు మంచిదే. చప్పుడు రాదు," అన్నాను.

నవ్వబోయి ఆపుకున్నాడో, దగ్గాడో తెలియలేదు. "పని ఉంది," అని పెట్టేశాడు.

నాకు నవ్వు రాలేదు. అతను నవ్వుతూ, సిగ్గనేది ఎరగకుండా తిరిగిన మనిషి. నా సిగ్గు అతనికి కూడా అంటించాను. వైరస్ సంగతి మూడు నెలలకు గానీ తెలియదు. ఇది మాత్రం అప్పుడే అంటుకుంది.

ఫిబ్రవరి 11, బుధవారం. ముప్ఫై ఎనిమిదో రోజు

ఐదున్నరకే హాల్‌కి వెళ్లాను. ఓజెల్లా ఒక్కతే కుర్చీలు వేస్తోంది.

"నా పేరు రాయవే," అన్నాను.

"ఎందులో?"

"పగలు తినేవాళ్ల కాగితంలో."

"ఇంకా రెండ్రోజులే కదే ఉంది! ఇప్పుడు జారిపోతావా? సైతాను చివర్లోనే కదా కాచుకుని..."

"సైతాన్ని కాసేపు వదిలెయ్. రాయి."

అట్ట తీసి, పెన్ను నోట్లో పెట్టుకుని మూత లాగింది. "సర్లే. ఏమని రాయను? గుండెల్లో మంట అని రాసేదా?"

"హెచ్ఐవీ అని రాయి."

పెన్ను కాగితం మీద ఆనించి ఆపేసింది. "ఇలాంటి వేళాకోళాలు చర్చిలో ఆడకూడదు."

"వేళాకోళం కాదు. పదహారేళ్లయింది."

వేళ్ల మీద లెక్క పెట్టుకుంది, నిజంగానే. "అంటే లెస్టర్ పోయింది కూడా..."

"అవును."

"క్యాన్సర్ అన్నావ్. నీ చెయ్యి పట్టుకుని నిలబడ్డా కదే ఆ రోజు. నాతో క్యాన్సర్ అన్నావ్."

"అన్నాను."

కళ్లు పెద్దవి చేసి నా వంక చూసింది. "మరి నా గ్యాస్ మాత్రలు? అవి నీ మందుకి పడతాయా?"

"పడవు."

ఓజెల్లా కుర్చీలో కూలబడింది. "నా చేత్తో ఇచ్చానే," అంది. "నా చేత్తోనే మింగించానే. ఒక్క మాట చెప్పుంటే..." మాట పూర్తి చెయ్యలేదు. జనం రావడం మొదలైంది. ఆమె కాగితం మీద ఏమీ రాయలేదు. పెన్ను మూత పెట్టి, లేచి, అవతలి బల్ల దగ్గర కూర్చుంది. ప్రార్థన అయ్యేదాకా ఇటు తిరగలేదు. నేను సూపు తాగాను.

ఫిబ్రవరి 12, గురువారం

ఓజెల్లాకి పొద్దుటి నుంచి మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. మెసేజీ పెట్టాను. చూసింది, జవాబు లేదు. నా మందు పనిచేస్తుందో లేదో కూడా కబురు లేదు. స్కూల్లో మిసెస్ ప్రూయిట్ రెండుసార్లు "ఇల్లు ఎంతమేర కాలింది?" అని అడిగింది. "ఇంకా చూడాలి," అన్నాను.

పన్నెండు దాటాక ప్లేటు తీసుకుని కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాను, అందరికీ కనబడేలా. సీసా ప్లేటు పక్కనే పెట్టాను. ఫోను మోగింది.

"ఏం చేస్తున్నావ్?" ఆర్టిస్ గొంతు.

"తింటున్నా."

"ఏం తింటున్నావ్?"

"అన్నం. మాంసం పులుసు. క్యాబేజీ. పీచు పండు ముక్కలు."

"మొత్తం తింటున్నావా, టీ తాగుతూ నాకు చదివి వినిపిస్తున్నావా?"

అది అడిగే హక్కు అతనికుంది. "మొత్తం తింటున్నా," అన్నాను.

"నమ్మను. ఫోను నోటి దగ్గర పెట్టుకుని నములు."

నమిలాను. అవతల ఇంజిను హోరు, గిన్నెల చప్పుడు, ఎవరో అతన్ని పిలవడం, అతను ఆగమనడం.

"ఓజెల్లాకి చెప్పేశాను," అన్నాను.

"మీ కొయిరు ఓజెల్లాకా? ఏమంది?"

"ఫోను ఎత్తట్లేదు."

"కోపమొచ్చి ఉంటుంది."

"వచ్చింది."

"నాకూ ఉంది, వెర్డెల్. నేను ఫోను చేశానని పోయిందనుకోకు. పోతుందో లేదో కూడా తెలీదు నాకు. రాత్రుళ్లు ఇంజిను పక్కన కూర్చుని అదే ఆలోచిస్తున్నా."

"సరే."

"సరే ఏంటి, తిను. నమలడం ఆపేశావ్."

మళ్లీ తిన్నాను. పులుసు చల్లారిపోయింది, అయినా తిన్నాను. ప్లేటు ఖాళీ అయ్యేదాకా అతను ఫోను పెట్టెయ్యలేదు.